సన్నబడే తిండి చెప్పిన లావు మేడం

నా బరువు ఎనభై నాలుగు కిలోలు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే చదువుతున్నంతసేపూ మీ ధ్యాస దాని మీదే ఉంటుంది.

సికింద్రాబాదులో ఒక పెద్దాసుపత్రిలో ఇరవై తొమ్మిదేళ్ళు డైటీషియన్‌గా పనిచేశాను. ఎవరేం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. బరువు తగ్గాల్సిన వాళ్ళందరినీ డాక్టర్లు నా గదికే పంపేవారు. అన్నేళ్ళలో ఎంతమంది ఎన్ని కిలోలు తగ్గారో తెలియదు గాని, నేను మాత్రం పద్దెనిమిది కిలోలు పెరిగాను. చీటీలు రాసే కౌంటరులో మా వాళ్ళు నా గదికి దారి ఇలా చెప్పేవారు: "సన్నం గావాల్నా? గట్ల నేరుగ పోయి లెఫ్టుకు తిరుగు. లావు మేడం ఉంటది."

నాకు కోపం వచ్చేది కాదు. దారి సరిగ్గానే చెబుతున్నారు కదా.

మొన్న మా చర్చిలో ఒకమ్మాయి, న్యూట్రిషన్ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరబోతోంది, ఆరాధన అయ్యాక నా పక్కన కూర్చుని "ఆంటీ, మీ అనుభవంతో ఏమైనా చెప్పండి" అంది. ఆ క్షణాన నా నోట్లో కేకు ముక్క ఉంది. అది మింగేలోపు ఆ అమ్మాయిని ఎవరో పిలిచారు, వెళ్ళిపోయింది. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

గుర్రాల దాణా

మాది నరసాపురం. నాన్న మిషన్ బళ్ళో మాస్టారు. చదువు పూర్తయి ఉద్యోగం దొరికి సికింద్రాబాదు వచ్చేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, అరవై ఆరు కిలోలు, ఇంగ్లీషు పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా. ఆ పుస్తకాల్లోంచి దించి చార్టులు రాసేదాన్ని. పొద్దున ఓట్స్ జావ, మధ్యాహ్నం ఉడికించిన కూరగాయలు, సాయంత్రం ఒక యాపిల్, రాత్రి రెండు కాల్చిన రొట్టె ముక్కలు, పలుచటి సూపు. అందరికీ అదే. ఇస్త్రీ చేసేవాడికీ అదే, బ్యాంకు మేనేజరుకూ అదే. చక్కటి చేతిరాతతో కింద గీత కూడా గీసేదాన్ని.

నా మొదటి ఏడాదిలోనే మౌలాలి రైల్వే కాలనీ నుంచి రాములు గారని ఒక గూడ్సు గార్డు వచ్చారు. మోకాళ్ళ నొప్పులు. పది కిలోలు తగ్గమన్నారు. నేను చార్టు ఇచ్చాను. రెండు వారాల తర్వాత ఆయన గొంతు పట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. మాట బయటికి రావడం లేదు. మాట్లాడింది ఆవిడే.

"మేడం, మా ఆయనేమన్న గుర్రమా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద విప్పింది. పొట్టుతో ఉన్న పచ్చటి గింజలు. ఓట్స్ అప్పట్లో పెద్ద పెద్ద దుకాణాల్లో రేకు డబ్బాల్లోనే దొరికేవి. ఆ సంగతి నాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. సికింద్రాబాదంతా తిరిగి, చివరికి గుర్రాల దాణా అమ్మే కొట్టులో 'ఓట్స్' అంటే ఇవేనని ఇచ్చారట. "డాక్టరమ్మ రాసింది గదా అని ఆయన పొద్దుగాల పొద్దుగాల నమిలిండు మేడం. పొట్టు గొంతుల ఇరికింది. ఇగ నేను సుత తినాల్నా?"

ఆ చార్టు మా పెద్ద డాక్టరు రంగారావు గారి దాకా వెళ్ళింది. ఆయనది కోనసీమ. మాట మెత్తన, పోటు గట్టిది. చార్టు అటూ ఇటూ తిప్పి చూసి, "సుశీల గారూ, చార్టు చాలా బాగా రాశారు. లండనులో పేషెంటు ఎవరైనా ఉంటే పోస్టు చేద్దాం" అన్నారు. అని, నన్ను రెండు నెలల పాటు రోజూ ఓపీ అయ్యాక వంటశాలలో కూర్చోమన్నారు. శిక్ష అనుకున్నాను. నా చదువంతా ఒక ఎత్తు, ఆ రెండు నెలలు ఒక ఎత్తు.

సత్తెమ్మ బడి

మా ఆసుపత్రి వంటశాలకు పెద్ద సత్తెమ్మ. అప్పటికే నలభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. మూడు వందల మందికి గంజి, పప్పు, కూరలు చేయించేది. నేను మొదటిరోజు నోట్‌బుక్కు పట్టుకుని వెళ్ళి స్టూలు మీద కూర్చుంటే, "ఏందమ్మా, పరీక్ష రాస్తున్నవా? గా చిక్కుడుకాయ ఈనె దియ్యి" అంది.

దాణా సంగతి ఆమెకూ తెలిసిపోయింది. ఆసుపత్రిలో ఎవరికి తెలియలేదు గనక! "జొన్నలుండంగ గుర్రాల తిండి ఎందుకమ్మా? మా అత్త డెబ్బై ఏండ్లు బతికింది, జొన్న రొట్టె, తోటకూర, మజ్జిగ. ఆమె నడుము నీ చేయంత ఉండె" అని, నా చేతిని చూసి, "నీ చేయి వద్దుగని, నా చేయంత" అని దిద్దుకుంది.

జొన్న రొట్టె ఒకటి తింటే కడుపు ఎందుకు నిండుతుందో, అదే ఆకలికి తెల్లన్నం మూడు గరిటెలు ఎందుకు పడుతుందో నేను పుస్తకంలో చదివాను. పీచు అని ఉంటుంది అందులో. సత్తెమ్మ దగ్గర తిని చూశాను. సొరకాయ కూరలో నూనె కనపడకుండానే రుచి రావచ్చని, పోపు చివర్లో వేస్తే చెంచా నూనె మూడు చెంచాల వాసన ఇస్తుందని, ఉలవలు, పెసలు నానబెట్టి ఉడికించి ఉల్లిపాయ, నిమ్మకాయ కలిపితే సాయంత్రం పూట పకోడీ గుర్తుకు రాదని నేర్చుకున్నాను. పకోడీ గుర్తుకు రాదన్నది మాత్రం నా విషయంలో నిజం కాలేదు.

అప్పటినుంచి చార్టు రాయడానికి ముందు ఎదుటి మనిషి ఏం తింటున్నాడో అడగడం మొదలుపెట్టాను. ఉన్న తిండిలోంచే కొంచెం తీసేసి, కొంచెం కలిపి రాసేదాన్ని. గోదావరి నుంచి వచ్చిన వాళ్ళకు అన్నం మాన్పించలేదు. కొలత గరిటె ఇచ్చి, కూర రెట్టింపు చేయమన్నాను. ఇక్కడివాళ్ళ రొట్టె మాన్పించలేదు. రొట్టె మీద నూనె మాన్పించాను. రాములు గారు నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. గొంతు కూడా వచ్చింది.

అడగడంలో ఉంది అంతా

కొత్తగా చేరేవాళ్ళు ఇది రాసుకోండి. "ఏం తింటారు?" అని ఎప్పుడూ అడగకండి. "ఏం తినను మేడం" అంటారు. అబద్ధం కాదు, వాళ్ళ దృష్టిలో భోజనం మాత్రమే తిండి. చాయ్ తిండి కాదు. చాయ్‌లో ముంచిన బిస్కెట్లు అసలే కాదు. గుళ్ళో ప్రసాదం, పెళ్ళిలో లడ్డు, పిల్లలు వదిలేసిన అన్నం, ఇవేవీ లెక్కలోకి రావు. పిల్లలు వదిలేసిన అన్నం తిని లావెక్కిన తల్లుల్ని నేను వందల మందిని చూశాను.

"నెలకు ఇంట్లో నూనె ఎంత కొంటారు? ఎంతమంది తింటారు?" అని అడగండి. దానికి జవాబు ఠక్కున వస్తుంది. రొట్టె ఎంత ఉంటుందో చేత్తో చూపించమనండి. ఒకాయన రెండే రొట్టెలన్నాడు. చూపించమంటే రెండు చేతులూ చాపాడు.

ఇంకో మాట. ఫలానాది తింటే కొవ్వు కరుగుతుంది అనేది ఏదీ లేదు. నిమ్మరసం తేనె నీళ్ళు తియ్యటి నీళ్ళు, అంతే. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే అన్నం మానేసినట్టే, తిండి మానేసినట్టు కాదు. డబ్బాల్లో అమ్మే పొడులు కొనేవాళ్ళకు నేను అడ్డు చెప్పీ చెప్పీ అలిసిపోయాను. మనం తాతల కాలం నుంచి తింటున్న పప్పు, ఆకుకూర, మజ్జిగ, జొన్నలు, రాగులు చాలు, వాటిని తినాల్సినంత తిని, ఆపాల్సిన చోట ఆపితే. ఆపడం దగ్గరే చిక్కు. ఆ చిక్కు గురించి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు.

ఇలా పదేళ్ళు గడిచేసరికి నాకు గొప్ప పేరు వచ్చింది. మనిషి కుర్చీలో కూర్చోకముందే ఏం దాస్తున్నాడో చెప్పేస్తానని నా గురించి చెప్పుకునేవారు. నేనూ ఆ మాట నమ్మాను. నా ఉద్యోగంలో నేను చేసిన అతిపెద్ద తప్పుకు బీజం అక్కడ పడింది.

స్వెటర్

భాగ్యమ్మ మౌలాలి గుట్ట కింద బస్తీలో ఉండేది. కాప్రాలో ఒక చిన్న బడిలో ఆయా. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఫిబ్రవరిలో మొదటిసారి వచ్చింది. ఏడాదిలో పద్నాలుగు కిలోలు పెరిగానంది. చీటీ మీద డాక్టరు 'స్థూలకాయం, ఆహార నియమం' అని రాసి నా దగ్గరికి పంపారు.

నా ప్రశ్నలన్నీ అడిగాను. అన్నిటికీ నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు జవాబు చెప్పింది. పొద్దున రెండు రొట్టెలు, మధ్యాహ్నం ఇంత అన్నం, ఆకుకూర, రాత్రి ఒక రొట్టె. నెలకు కిలో నూనె, ముగ్గురు మనుషులు. రొట్టె చూపించమంటే అరచెయ్యి చూపించింది. అందులో తగ్గించడానికి ఏమీ లేదు. అయినా ఏదో తగ్గించి రాశాను.

మార్చిలో వచ్చింది. కిలో పెరిగింది. ఏప్రిల్‌లో వచ్చింది. ఇంకో కిలో.

నా లెక్క ప్రకారం ఆమె తగ్గాలి, తగ్గలేదు. అంటే లెక్కయినా తప్పయి ఉండాలి, మనిషయినా తప్పు చెబుతుండాలి. నా లెక్క తప్పదని నాకు తెలుసు.

మే నెలలో నాలుగోసారి వచ్చింది. ఆ రోజు ఎండ ఎలా ఉందంటే, వరండా గచ్చు మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. నేను పదకొండు గంటలకు బీరువా తలుపు చాటున నాలుగు మిర్చి బజ్జీలు తిని, మూతి తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. భాగ్యమ్మ లోపలికి వచ్చింది. ఆకుపచ్చ ఉన్ని స్వెటర్, మెడ దాకా బొత్తాలు. బరువు చూశాను. ఇంకా పెరిగింది.

తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు.

"భాగ్యమ్మా, గాలి పీల్చి ఎవరూ లావెక్కరు. నిజం చెప్పు. బళ్ళో పిల్లల డబ్బాల్లో మిగిలింది తింటున్నావా?"

"లేదు మేడం. మీరు రాసిందే తింటున్న."

"అయితే ఈ కిలోలు ఎక్కడ నుంచి వచ్చాయి?"

"నాకేం ఎర్క మేడం. ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు. అబద్ధం జెప్తే నాకేమొస్తది?" ఆమె గొంతు బొంగురుగా, మగగొంతులా ఉంది.

"ఒట్లు పెట్టుకుంటే బరువు తగ్గదు. ముందా స్వెటర్ తీసెయ్, అరకిలో అక్కడే తగ్గుతుంది."

బెంచీ మీద అందరూ పకపక నవ్వారు. నేనూ నవ్వాను. నా హాస్యానికి నేనే మెచ్చుకున్నాను.

భాగ్యమ్మ సంచిలోంచి నేను రాసిన మూడు చార్టులూ తీసి, మడతలు సరిచేసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. దొంగ దొరికిపోతే రాదు కదా అనుకున్నాను.

ఇక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. అదే బెంచీ మీద నుంచి ఒక కాంట్రాక్టరు భార్య లోపలికి వస్తే "రండి, కూర్చోండి" అనేదాన్ని. భాగ్యమ్మకు 'నువ్వు'. చీరను చూసి మర్యాద కొలిచేదాన్ని. ఏ పుస్తకంలోనూ లేని ఆ కొలత నేనెక్కడ నేర్చుకున్నానో తెలియదు గాని, దానిలో మాత్రం ఎప్పుడూ పొరపాటు పడలేదు.

డబ్బాలు

ఆ ఏడు చలికాలం మొదట్లో సత్తెమ్మ వంటశాలలో బియ్యం ఏరిస్తూ అంది: "మా గల్లీల భాగ్యమ్మ లేదా, మీ తాన్కి వస్తుండె గదా? ఆమె పని పోయింది. పిల్లల్ని చూసుకుంట కుర్చీల కూసొని నిద్రపోయిందట. బడోళ్ళు తీసేసిన్రు."

"అంత తింటే నిద్ర రాదా?" అన్నాను.

సత్తెమ్మ చేట కింద పెట్టింది. పదేళ్ళలో ఆమె నా మీద గొంతు లేపడం అదే మొదలు. "ఏం తింటదమ్మా? మా ఇంటి ఎదురుంగనే ఉంటది. ఆమె తినేది నేను రోజు చూస్త. మా ఇంట్ల కోడిపిల్ల సుత అంతకంటే ఎక్కువ తింటది. మీరు నల్గురిల నవ్విన్రట గదా, ఆ దినం సంది దవాఖాన మొఖం చూడలే ఆమె."

ఆదివారం చర్చి అయ్యాక సత్తెమ్మతో కలిసి మౌలాలి వెళ్ళాను. జాలితో వెళ్ళానని రాయాలని ఉంది గాని, నిజం అది కాదు. పట్టుకుందామని వెళ్ళాను. సత్తెమ్మ కళ్ళు గప్పి ఆమె ఏం తింటోందో నా కళ్ళకు దొరుకుతుందని నా నమ్మకం.

మిట్టమధ్యాహ్నం. భాగ్యమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని మంచం మీద ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. లేచి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది.

"తనిఖీకి వచ్చిన్రా మేడం? చూడుండ్రి. డబ్బాలన్ని గాడనే ఉన్నయి."

సిగ్గు లేకుండా నేను ఒక డబ్బా మూత తీశాను కూడా. జొన్నపిండి. పక్క దానిలో అడుగున కాసిని కందిపప్పు. ఇంకోదానిలో ఉల్లికారం. నాలుగో డబ్బా ఖాళీ. ఆ తర్వాత మూతలు పెట్టేసి, ఏం చేయాలో తోచక ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, కుండలో నీళ్ళలో నుంచి తీసినట్టు ఉంది. చర్మం ఎండిన బెరడులా గరుకుగా ఉంది. నాడి చూశాను. నెమ్మదిగా, ఎంతో నెమ్మదిగా కొట్టుకుంటోంది.

మే నెలలో స్వెటర్. మగగొంతు. వెతుక్కుంటున్నట్టు మాట. ఇవన్నీ నా చదువులో ఒకే పేజీలో ఉన్నాయి. ఆ పేజీ మీద నాకు మంచి మార్కులు కూడా వచ్చాయి. నాలుగు నెలలు ఆ పేజీ నా ఎదురుగా కుర్చీలో కూర్చుంటే నేను జోకు వేశాను.

చీటీ మీద రాత

మర్నాడు పొద్దున సత్తెమ్మ, నేను ఆమెను ఆటోలో తీసుకొచ్చాం. ఆటోలో సగం పైన నేనే ఉన్నాను. రంగారావు గారు ఆమె తలుపు దగ్గర నుంచి నడిచి వస్తుండగానే పెన్ను కింద పెట్టేశారు. గొంతు ఎప్పటి నుంచి ఇలా ఉంది అని అడిగారు. కుర్చీ మీద మోకాళ్ళ మీద నిలబెట్టి, మడమ వెనక చిన్న సుత్తితో తట్టారు. పాదం కదిలింది గాని, వెనక్కి రావడానికి బద్ధకించింది.

"థైరాయిడ్" అన్నారు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఒక రోజు నిద్రలోంచి లేచేది కాదు." రక్తపరీక్షకు రాశారు. ఆమెను అప్పుడే వార్డులో చేర్చుకోమన్నారు.

తర్వాత నా వైపు తిరిగారు. "మీరెన్నిసార్లు చూశారు?"

"నాలుగుసార్లు సార్."

"నా దగ్గరికి తిరిగి ఎందుకు పంపలేదు?"

"అబద్ధం చెబుతోందనుకున్నాను సార్."

ఆయన ఏదో అనబోయి, పాత ఓపీ చీటీ తీసి చూశారు. 'స్థూలకాయం, ఆహార నియమం' అన్న రాత. కింద పొట్టి సంతకం. ఆయనదే. నేను గమనించనే లేదు.

"తప్పు ఇద్దరిదీ సుశీల గారూ. మీది నాలుగుసార్లు, నాది ఒకసారి. కానీ మొదటిది నాది. నేను అలా రాశాక మీరు ఇంకోలా చూడటం కష్టం." అని, లేచి వెళ్ళి భాగ్యమ్మ ముందు నిలబడి, "అమ్మా, అప్పుడే నిన్ను సరిగ్గా చూడాల్సింది. చూడలేదు. తప్పయింది" అన్నారు.

రెండు నిమిషాల్లో ఆయన ఆ పని పూర్తిచేశారు. నాకు అదే మాట అనడానికి మూడు నెలలు పట్టింది.

బాసుల గురించి ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క సంగతే చెబుతాను. లండను పోస్టు మాటకు నేను ఆయన్ని ఏడాది తిట్టుకున్నాను. ఈ మాటతో అవన్నీ కొట్టుకుపోయాయి.

నలుగురిలో

పొద్దున పరగడుపున ఒక చిన్న తెల్ల మాత్ర. అంతే మందు. మూడు వారాలకు మొహం వాపు దిగింది. రెండు నెలలకు గొంతు ఆడగొంతు అయింది. జనవరిలో నేను శాలువా కప్పుకుని వణుకుతుంటే, ఆమె మామూలు జాకెట్టుతో వచ్చి "గంత సలేం లేదు మేడం" అంది. వేసవికల్లా పదకొండు కిలోలు తగ్గింది. అందులో చాలా భాగం ఒంట్లో చేరిన నీరేనని డాక్టరు గారు చెప్పారు. నా చార్టుల వాటా అందులో ఏమీ లేదు. అవి బల్ల సొరుగులోనే ఉన్నాయి.

పోయిన పని మాత్రం తిరిగి రాలేదు. నేను ఆ బడికి వెళ్ళి హెడ్ మిస్ట్రెస్‌కు జబ్బు సంగతి చెప్పాను. ఆవిడ బాధపడింది గాని, అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు. సత్తెమ్మే మా వంటశాలలో ఒక చోటు చూసి భాగ్యమ్మను చేర్పించింది. అలా రోజూ ఆమె నా కళ్ళ ముందే తిరిగేది. నేను వంటశాలకు వెళ్ళే వేళలు మార్చుకున్నాను. ఆమె కూరలు తరుగుతుంటే నేను స్టోరు రూములో బియ్యం బస్తాలు లెక్కపెట్టేదాన్ని. వాటిని లెక్కపెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం, వంటశాలలో ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్ళాను. ఆమె తోటకూర ఏరుతోంది. ఎదురుగా పీట మీద కూర్చున్నాను. నాకు పీట మీద కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. కాబట్టి చెప్పకుండా పారిపోయే వీలు లేదు.

"భాగ్యమ్మా, ఆ రోజు నేను అన్న మాటలు తప్పు. మీరు నిజమే చెప్పారు. నేను నమ్మలేదు. క్షమించండి."

ఆమె ఆకులు ఏరడం ఆపలేదు. కోపంగా లేదు, మామూలుగానే ఉంది.

"గప్పుడు నల్గురిల తిట్టిన్రు మేడం. ఇప్పుడు ఎవ్వరు లేంది చూసి చెప్తున్రు."

ఆమె ఒక కట్ట పూర్తిచేసి ఇంకో కట్ట విప్పింది. "మా గల్లీల ఇప్పటికి సుత నన్ను చూసి 'గాలి పీల్చే భాగ్యమ్మ' అంటరు. ఆ దినం బెంచి మీద మావోళ్ళు ఇద్దరున్నరు."

ఆ రోజు ఇంటికి వెళ్ళాక భోజనం సయించలేదు. నా జీవితంలో అలాంటి పూటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మంగళవారం నా ఓపీ. బెంచీ నిండిపోయి, ఇంకో అయిదారుగురు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. మౌలాలి వైపు నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ. భాగ్యమ్మ వార్డుకు మజ్జిగ క్యాను పట్టుకుని వరండాలో పోతోంది. నేను కుర్చీలోంచి లేచి బయటికి వచ్చాను.

"భాగ్యమ్మ గారూ, ఒక్క నిమిషం ఆగండి."

'గారూ' అనగానే బెంచీ మీద అందరూ తల తిప్పారు. ఆమె ఆగింది. "ఇప్పుడా మేడం?" అంది.

"ఇప్పుడే" అని జనం వైపు తిరిగాను. మాటలు ముందే అల్లుకుని వచ్చాను గాని, ఒక్కటీ గుర్తుకు రాలేదు. "పోయినేడు మే నెలలో నేను ఈవిణ్ణి ఇక్కడే, మీలాంటి వాళ్ళ ముందు, అబద్ధాలకోరు అన్నాను. దొంగచాటుగా తింటోందని అన్నాను. స్వెటర్ మీద జోకు వేసి నవ్వించాను. ఆమె అన్నీ నిజాలే చెప్పింది. ఆమెకు జబ్బు. నేను ఆమె మాట నమ్మి ఉంటే ఆరు నెలల ముందే బాగుపడేది, ఆమె ఉద్యోగం పోయేది కాదు. తప్పు నాది. ఆమెను ఎవరైనా ఏమైనా అంటే, నా పేరు చెప్పండి."

ఒక పాప ఏడుపు మొదలుపెడితే వాళ్ళమ్మ నోరు మూసింది. భాగ్యమ్మ క్యాను కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. నేను ఇక లోపలికి వెళ్ళిపోదామని తిరిగాను.

అప్పుడు బెంచీ చివర నుంచి ఒక ముసలాయన, టోపీ పెట్టుకున్న రిటైర్డు ఫిట్టరు, నా దగ్గరికి ఏడాదిగా వస్తున్న మనిషి, కర్ర పట్టుకుని లేచాడు.

"మేడం, ఆమె నిజం చెప్పిందేమొగని, నేను మాత్రం అబద్ధం చెప్పిన. దినాం సాయంత్రం స్టేషన్ కాడ రెండు సమోసలు తింటున్న. ఇంట్ల సుత తెల్వదు."

వరండా అంతా ఒక్కసారి నవ్వింది. ఈసారి ఆయనా నవ్వాడు. పక్కనున్న ఆవిడ, "నేను సుత మేడం... చాయ్‌ల శక్కరి బంద్ చేసిన్నని చెప్పిన గని చెయ్యలే" అంది. గోడకు ఆనుకున్న కుర్రాడు చెయ్యెత్తాడు. నేను మా గది గుమ్మంలో నిలబడిపోయాను. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో, ఎవరినీ ఏమీ అడగకుండా అంత నిజం విన్నది ఆ ఒక్క పూటే.

భాగ్యమ్మ క్యాను ఎత్తుకుని నా పక్క నుంచి పోతూ, ఒక క్షణం ఆగింది.

"ఇగ రాసుకోండ్రి మేడం" అంది. "నమ్మి రాసుకోండ్రి."